వృద్ధికారకాలు – చర్మ కాన్సరు – మన అడ్డపొగ

మానవ శరీరం కోటానుకోట్ల జీవకణాల సముదాయమని మనమందరం పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. ఇన్ని కణాలూ ఒకే ఒక్క కణం నుండి, విభజన వెంట విభజన జరిగి పుట్టినవే. ఏ కణం ఎప్పుడు విభజన చెందవలెను, ఎప్పుడు ఆగవలెను అనే విషయంలో శరీరానికి ఒక కట్టుబాటు ఉన్నది. ఆ కట్టుబాటు సడలినప్పుడు పుట్టేదే మన పెద్దలు రాచపుండు అని భయపడుతూ పిలిచిన కాన్సరు.

కణాన్ని పెరుగుమని ఆదేశించే పదార్థాలను శాస్త్రజ్ఞులు వృద్ధికారకాలు అంటారు. ఆ ఆదేశం కణంలోనికి ఎట్లా చేరుతుంది, అది ఆగకపోతే చర్మంలో కాన్సరు ఎట్లా పుడుతుంది అనేది ఈ వ్యాసంలో మేము వివరింపదలచిన మొదటి విషయం. అనకాపల్లి, విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెలలో తరతరాలుగా ఉన్న అడ్డపొగ అలవాటు నోటి అంగిలిని ఇదే మార్గాన ఎట్లా పాడుచేస్తున్నదో చెప్పుట రెండవ విషయం. మొదటిది తెలిస్తే రెండవది సులభంగా అర్థమవుతుంది. రెండవది అర్థమైతే కె. కోటపాడు పరిసరాలలోని ప్రతి విద్యార్థికీ తన ఇంటిలోనే ఒక పని ఉన్నదని తెలుస్తుంది.

చర్మ నిర్మాణం

చర్మంలో ప్రధానంగా రెండు పొరలు గలవు. పైది బాహ్యచర్మం, దాని క్రిందిది అంతశ్చర్మం. రక్తనాళాలు, నాడులు అంతశ్చర్మంలో ఉంటాయి. బాహ్యచర్మంలో రక్తనాళాలు లేవు. అందుచేతనే పైపైన గీరుకుంటే రక్తం రాదు. కొంచెం లోతుగా గీరుకుంటే వస్తుంది.

బాహ్యచర్మానికి అడుగున ఒకే వరుసలో నిలిచిన కణాలను ఆధారకణాలు అంటారు. ఇవి విభజన చెందగా పుట్టిన పిల్లకణాలు క్రమంగా పైకి జరుగుతాయి. అట్లా జరుగుతూ కెరటిన్ అనే గట్టి మాంసకృత్తును నింపుకొంటాయి, చదునవుతాయి, చివరకు నిర్జీవమై పొట్టువలె రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవుటకు సుమారు నెల నుండి నెలన్నర కాలం పడుతుంది. ఎన్ని కణాలు రాలుతున్నవో అడుగున అన్నే పుట్టుచుండవలెను. తక్కువ పుడితే చర్మం పలుచబడి పుండు పడుతుంది. ఎక్కువ పుడితే మందమై కాయ కాస్తుంది. రోజూ కొడవలి, పార పట్టే చేతిలో కాయలు కాయుట మనమెరిగినదే. ఒరిపిడి ఎక్కువైనచోట శరీరం ఎక్కువ కణాలను పుట్టించి తన్ను తాను కాపాడుకొంటున్నదన్నమాట.

ఆధారకణాల నడుమ అక్కడక్కడ వర్ణకణాలు కూడా ఉంటాయి. ఇవి మెలనిన్ అనే నల్లని రంగును తయారుచేసి పొరుగు కణాలకు పంచుతాయి. మన చర్మానికి చామనచాయ, నలుపు ఈ రంగువల్లనే వచ్చినవి.

నోటి లోపలి పొర కూడా ఈ నమూనాలోనే నిర్మింపబడినది. ముఖ్యంగా గట్టి అంగిలి మీది పొరలో కెరటిన్ ఉండి, అది చర్మాన్ని ఎంతగానో పోలి ఉంటుంది. చర్మంలో పుట్టే ప్రధానమైన కాన్సరులలో ఒకటి, అంగిలిలో పుట్టే ప్రధానమైన కాన్సరు ఒకే జాతికి చెందినవి. దానిని పొలుసుకణ కాన్సరు అంటారు. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకొనగోరుతాము.

చిట్టెలుక పిల్లల కళ్ళు

కణాన్ని పెరుగుమని చెప్పేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం ఒక విచిత్రమైన పరిశీలన నుండి వచ్చినది. 1950 తరువాతి దశాబ్దంలో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో రీటా లెవీ-మోంటాల్చిని అనే ఇటలీ దేశపు శాస్త్రజ్ఞురాలు నాడీకణాలను పెంచే పదార్థాన్ని గురించి పరిశోధనలు చేస్తుండేవారు. ఆమెతో కలిసి పనిచేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్. చిట్టెలుకల లాలాజల గ్రంథుల నుండి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు సూది ద్వారా ఎక్కించినప్పుడు, రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్ళు ఒక వారానికే తెరుచుకొన్నవి. పళ్ళు కూడా ముందుగానే మొలిచినవి.

మరొకరైతే దీనిని చూచి వదలివేసేవారేమో. కోహెన్ మాత్రం దాని వెంటపడి, ఆ రసంలో బాహ్యచర్మాన్ని త్వరగా పెంచే పదార్థమొకటి ఉన్నదని గ్రహించి, దానిని వేరుచేసి 1962లో ప్రకటించారు. కనురెప్పల మీది చర్మం త్వరగా పెరిగి పక్వం చెందుటవల్లనే కళ్ళు ముందుగా విడినవి. ఆ పదార్థమే బాహ్యచర్మ వృద్ధికారకం. అది 53 ఎమైనో ఆమ్లాలు గల చిన్న మాంసకృత్తు. ఈ కృషికి కోహెన్‌కు, లెవీ-మోంటాల్చినికి 1986లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

ఈ పదార్థం మనుష్యుల లాలాజలంలోనూ ఉన్నది. నోటిలోని గాయాలు ఒంటి మీది గాయాలకంటె త్వరగా మానుటకు గల కారణాలలో ఇది ఒకటి. గాయపడిన జంతువు తన పుండును తాను నాకుకొనుటలోనూ కొంత అర్థమున్నదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆదేశం చేరే మార్గం

వృద్ధికారకం కణంలోనికి స్వయంగా ప్రవేశించి పనిచేయదు. కణత్వచం మీద దానికొరకు గ్రాహకాలు అనే మాంసకృత్తులు నిలిచి ఉంటాయి. ఒక్కొక్క గ్రాహకంలో మూడు భాగాలు గలవు. వెలుపలి భాగం వృద్ధికారకాన్ని పట్టుకొంటుంది. నడిమి భాగం కణత్వచంలో గుచ్చుకొని ఉంటుంది. లోపలి భాగం ఎంజైముగా పనిచేస్తుంది. వృద్ధికారకం వచ్చి అంటుకోగానే రెండు గ్రాహకాలు జతకూడుతాయి. జతకూడినవి ఒకదాని మీది టైరోసిన్ అనే ఎమైనో ఆమ్లానికి మరొకటి ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. గ్రాహకం ఇట్లా టైరోసిన్ మీద ముద్ర వేసే ఎంజైమని 1980లో నిర్ధారణ అయినది.

ఈ ముద్రను గుర్తించి లోపల వేచియున్న మాంసకృత్తులు ఒకదాని తరువాత ఒకటి కదులుతాయి. గ్రాహకం నుండి రాస్, రాస్ నుండి రాఫ్, రాఫ్ నుండి మెక్, మెక్ నుండి ఎర్క్ అనే వరుసలో కబురు చేతులు మారుతుంది. చివరిదైన ఎర్క్ కేంద్రకంలోనికి ప్రవేశించి, విభజనకు కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. కణం తన జన్యుపదార్థాన్ని రెట్టింపు చేసుకొని రెండుగా చీలుతుంది.

మన ఊరి చెరువు తూమును తలచుకొంటే ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. తూము తెరిస్తే నీరు పెద్ద కాలువలోనికి, అక్కడినుండి పిల్లకాలువలలోనికి, చివరకు మడిలోనికి చేరుతుంది. మడి తడవగానే తూము మూయవలెను. కణంలో కూడా మూయుటకు ఏర్పాట్లు ఉన్నవి. పని కాగానే గ్రాహకాన్ని కణం లోపలికి లాగుకొని జీర్ణం చేసుకొంటుంది. రాస్ తనకు శక్తినిచ్చిన అణువును తానే ఖండించి తిరిగి నిద్రలోనికి జారుకొంటుంది. ఫాస్ఫేట్ ముద్రలను చెరిపివేసే ఎంజైములు వేరే గలవు. తెరుచుటకంటె మూయుటకే ప్రకృతి ఎక్కువ జాగ్రత్తలు తీసుకొన్నదని చెప్పవచ్చును.

ఆదేశం ఆగకపోతే

ఈ తూము మూతపడకుండా నిలిచిపోవుటకు మార్గాలు అనేకం. వాటిలో నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది: కణం తన వృద్ధికారకాన్ని తానే తయారుచేసుకొని, తన ఆదేశాన్ని తానే వింటూ పెరుగుచుండుట.

రెండవది: గ్రాహకాల సంఖ్య విపరీతంగా పెరుగుట. అప్పుడు కొద్దిపాటి వృద్ధికారకం కూడా పెద్ద కేకవలె వినిపిస్తుంది. నోటి పొలుసుకణ కాన్సరులలో అత్యధిక భాగంలో ఈ లక్షణం కనిపిస్తున్నది.

మూడవది: గ్రాహకమే చెడుట. కోళ్ళలో కాన్సరు కలిగించే వైరస్ ఒకటి ఉన్నది. ఆ వైరస్ మోసుకొని తిరిగే జన్యువు, ఈ బాహ్యచర్మ వృద్ధికారక గ్రాహకానికే వెలుపలి భాగం తెగిపోయిన రూపమని 1984లో తేలినది. వెలుపలి భాగం లేదు కనుక దానికి వృద్ధికారకంతో పనిలేదు. ఎవరూ తట్టకుండానే తలుపు తెరిచియుంచే కాపలాదారు వంటిదది.

నాలుగవది: నడిమి వార్తాహరులు చెడుట. మూత్రాశయ కాన్సరు కణాలలోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారియున్నదని 1982లో కనుగొన్నారు. ఆ మార్పువల్ల రాస్ తన్ను తాను ఆపుకొనే శక్తిని కోల్పోయినది. 2002లో ఇంగ్లండులోని సాంగర్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు మెలనోమా అనే వర్ణకణాల కాన్సరులో రాఫ్ కుటుంబానికి చెందిన బీ-రాఫ్ జన్యువు తరచుగా మారియుంటున్నదని ప్రకటించారు. సుమారు సగం మెలనోమాలలో ఈ మార్పు ఉన్నది. సాధారణంగా ఆ మాంసకృత్తులోని 600వ స్థానంలో వేలిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది. ఆ ఒక్క మార్పుతో బీ-రాఫ్ ఎల్లప్పుడూ మేలుకొనియుంటుంది.

అయితే ఒక్క తూము చెడినంత మాత్రాన కాన్సరు పుట్టదు. దీనికి నిదర్శనం మన ఒంటి మీది మచ్చలే. పుట్టిన తరువాత ఏర్పడే సాధారణమైన నల్లమచ్చలలో చాలావాటిలో ఇదే బీ-రాఫ్ మార్పు ఉన్నదని పరిశోధకులు కనుగొన్నారు. ఆ మార్పు జరిగిన వర్ణకణం కొంతవరకు విభజన చెంది చిన్న మచ్చగా పెరిగినది; అంతట శరీరపు నిరోధకాలు అడ్డుపడి దానిని నిలిపివేసినవి. మచ్చ జీవితాంతం మచ్చగానే ఉండిపోతుంది. పెరుగుమని తరిమే శక్తితో పాటు ఆపే శక్తి కూడా చెడినప్పుడే అది కాన్సరుగా మారుతుంది. ఆపే శక్తులలో పి-53 అనే మాంసకృత్తు ప్రధానమైనది. జన్యుపదార్థం దెబ్బతిన్న కణాన్ని అది విభజన చెందనీయదు. దెబ్బ బాగుపడనిదైతే ఆ కణాన్నే చంపివేస్తుంది.

కాన్సరు సాధారణంగా పెద్దవయస్సులో రావడానికి కారణం ఇక్కడే ఉన్నది. ఒకే కణంలో తూములు చెడి, కాపలాలు కూడా పడిపోవుటకు ఏండ్లూ పూండ్లూ పడుతుంది.

ఎండ, మన చర్మం

చర్మానికి ఈ రెండు విధాలైన హానినీ చేయగలిగినది సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణం. అది జన్యుపదార్థంలో పక్కపక్కనున్న అక్షరాలను అతికించి తప్పులు పుట్టిస్తుంది. ఎండ తగిలే చోట్ల వచ్చే పొలుసుకణ కాన్సరులలో పి-53 జన్యువు ఈ విధంగానే చెడియుండుట 1991లో కనుగొనబడినది. అంతేగాక, ఈ కిరణం తగిలినప్పుడు వృద్ధికారకం లేకుండానే గ్రాహకాలు మేల్కొంటాయి. అనగా కాపలాను పడగొట్టేదీ, తూమును తెరిచేదీ ఆ కిరణమే.

తెల్లని చర్మం గలవారు నివసించే ఆస్ట్రేలియా వంటి దేశాలలో చర్మ కాన్సరు అత్యధికం. మనదేశంలో అది అరుదు. మండుటెండలో చెరకు నరికే రైతుకూలీకి, వంగి వరినాట్లు వేసే స్త్రీకి మెలనిన్ ఒక గొడుగు. వారి చర్మకణాలలో కేంద్రకానికి పైభాగాన మెలనిన్ రేణువులు కప్పువలె చేరి జన్యుపదార్థాన్ని కాపాడుతాయి.

అట్లని మనకు చర్మ కాన్సరు రానే రాదనుకొనుట పొరపాటు. మనవారిలో మెలనోమా తరచు ఎండ సోకని అరికాలిలో, గోళ్ళ క్రింద కనిపిస్తుంది. అక్కడి కాన్సరులో బీ-రాఫ్ మార్పు అంతగా ఉండదు. కొందరిలో కిట్ అనే మరొక వృద్ధికారక గ్రాహకం చెడియుంటుంది. అరికాలి మీద కొత్తగా పుట్టి, అంచులు వంకరపోయి, రంగు మారుతూ పెరిగే మచ్చను ముల్లు గుచ్చుకొన్న గుర్తుగా భావించి ఉపేక్షింపరాదు.

మానని గాయం

మనదేశపు చర్మ కాన్సరు చరిత్రలో ఎండకంటె పెద్ద పాత్ర నిప్పుది, ఒరిపిడిది, మానని పుండుది. గాయమైనప్పుడు రక్తపు చిన్నఫలకికలు, తెల్లకణాలు, చుట్టుపక్కల కణాలు వృద్ధికారకాలను విడుదల చేస్తాయి. ఆధారకణాలు విభజన చెంది గాయాన్ని పూడుస్తాయి. గాయం పూడగానే ఆదేశం ఆగుతుంది. కాని గాయం ఏండ్ల తరబడి మానకపోతే ఆదేశం కూడా ఏండ్ల తరబడి ఆగదు. విభజన జరిగిన ప్రతిసారీ జన్యుపదార్థాన్ని నకలు తీయవలెను. ఎక్కువ నకళ్ళు తీసినకొలదీ తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. పాత కాలిన మచ్చలలో, దీర్ఘకాలపు పుండ్లలో పుట్టే కాన్సరుకు, అటువంటి పుండ్లను 1828లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ పేరు నిలిచిపోయినది.

కాశ్మీరులో చలికాలంలో నిప్పుకుండను బుట్టలో ఉంచి అంగీ లోపల పొట్టకు ఆనించుకొంటారు. దానిని కాంగ్‌డీ అంటారు. పొట్ట మీద, తొడల మీద అక్కడ వచ్చే చర్మ కాన్సరు ఆ కుండ పేరుతోనే వైద్యగ్రంథాలకు ఎక్కినది. నడుము వద్ద ఏండ్ల తరబడి బిగించి కట్టే పంచె ఒరిపిడివల్ల వచ్చే కాన్సరును కూడా భారతీయ వైద్యులు వర్ణించారు.

నిప్పుకు పొగ, మసి తోడైతే హాని ఇంకా ఎక్కువ. లండనులో పొగగొట్టాలు తుడిచే కుర్రవాళ్ళకు పెద్దయిన తరువాత మసివల్ల చర్మ కాన్సరు వస్తున్నదని పర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే చెప్పారు. 1915లో జపాను శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా కుందేలు చెవికి నెలల తరబడి తారు పూసి కాన్సరును పుట్టించి చూపారు. పొగాకు పొగలోనూ అటువంటి తారే ఉన్నది.

అడ్డపొగ

కాంగ్‌డీ వేడిని పొట్ట చర్మం భరిస్తుండగా, మన ఉత్తరాంధ్రలో అంతకంటె తీవ్రమైన వేడిని నోటి అంగిలి భరిస్తున్నది. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చుటను అడ్డపొగ అంటారు. పురుషులకంటె స్త్రీలలో, అందులోనూ వయసుమళ్ళిన వారిలో ఈ అలవాటు హెచ్చు. గాలికి చుట్ట ఆరిపోదనీ, నీటిపనిలో తడవదనీ, బూడిద పనిమీదా పిల్లలమీదా పడదనీ, ఒక చుట్ట చాలాసేపు వస్తుందనీ కారణాలు చెబుతారు. పొలంలోనూ తీరంలోనూ రెండు చేతులా పని ఉన్నవారికి ఇది అనుకూలంగా తోచి ఉండవచ్చును. ఇట్లా పీల్చే అలవాటు ఫిలిప్పీన్స్, కొలంబియా, సార్డీనియా ద్వీపం వంటి చోట్ల కూడా ఉన్నట్లు గ్రంథస్థమైనది. కాని ప్రపంచ వైద్యసాహిత్యంలో ఈ అలవాటుకు ఉదాహరణగా మొట్టమొదట చెప్పేది మన తీరాంధ్ర పల్లెలనే.

ప్రపంచంలో ఇతరత్రా గట్టి అంగిలికి కాన్సరు వచ్చుట చాలా అరుదు. మన ప్రాంతంలో అది సామాన్యం. ఈ సంగతిని ఆంధ్ర వైద్యులు 1950 తరువాతి దశాబ్దంలోనే గుర్తించి వ్రాశారు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫలీ మెహతా, డెన్మార్కు దంతవైద్య శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ఫలితాలను ప్రకటించారు. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ పీల్చేవారే. అంగిలిలో తెల్లని మందపు పొర, ఎర్రని చుక్కలు, రంగు కోల్పోయిన మచ్చలు, పుండ్లు మొదలైన మార్పులను వారు ఈ అలవాటు గలవారిలో విస్తారంగా చూశారు.

ఇంతవరకు చెప్పిన శాస్త్రాన్ని ఈ తెల్లని పొరకు అన్వయింపవచ్చును. నిప్పు వేడికి అంగిలి పొర రోజుకు అనేకమార్లు కాలుతున్నది. కాలినచోట పూడ్చుమనే ఆదేశం వెలువడుతుంది. ఆధారకణాలు విభజన చెంది పొర మందమవుతుంది. పార పట్టిన చేతిలో కాయ కాచినట్లే అంగిలిలో తెల్లపొర ఏర్పడుతుంది. ఇంతవరకు అది శరీరం చేసుకొన్న రక్షణ. కాని చేతి కాయకు పొగ తగలదు; అంగిలికి తగులుతున్నది. ఆదేశం అందుకొని జన్యుపదార్థాన్ని నకలు తీసుకొంటున్న కణం మీదనే పొగలోని బెంజోపైరీన్, నైట్రోసమీన్లు వంటి విషాలు వచ్చి అతుక్కొంటాయి. నకలులో తప్పులు పడతాయి. ఒకనాడు పి-53 చెడుతుంది. ఒకనాడు గ్రాహకాలు మితిమీరుతాయి. చుట్ట ఆరిన తరువాత కూడా ఆ కణం పెరుగుట మానదు. అప్పటినుండి అది రాచపుండు.

ఈ వరుసలో రెండు దశలు ఉన్నవని విద్యార్థులు గమనింపవలెను. మొదటి దశలో ఆదేశం బయటి నుండి, నిప్పు వల్ల వస్తున్నది. నిప్పు తీస్తే ఆదేశం ఆగుతుంది. రెండవ దశలో ఆదేశం కణం లోపలే పుడుతున్నది. నిప్పు తీసినా ఆగదు. మొదటి దశకు మందు అలవాటు మానుటే. రెండవ దశకు శస్త్రచికిత్స, కిరణచికిత్స, ఔషధాలు కావలెను.

మొదటి దశ నుండి వెనుకకు రావచ్చునన్న మాటకు ఆధారమున్నది. కేరళలోని ఎర్ణాకుళం, గుజరాతులోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వినియోగదారులను టాటా సంస్థవారు ఏటేటా పరీక్షించి, చలనచిత్రాల ద్వారా, స్వయంగా కలిసి మాట్లాడుట ద్వారా అలవాటు మానుమని బోధించారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. బోధన అందినవారిలో మానినవారు పెరిగినారు. మానినవారిలో కాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గినవి. నోరు తెరిపించి చూచి, ఓపికగా చెప్పుటే అక్కడ జరిగిన చికిత్స.

ఔషధాలు – ఒక తెలుగువాని కానుక

కాన్సరుకు తొలి ఔషధాలలో ఒకదాని వెనుక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాశాలలో ఫోలిక్ ఆమ్లం మీద చేసిన కృషి ఫలితంగా, ఆ ఆమ్లాన్ని అడ్డుకొనే ఔషధాలు తయారైనవి. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిలో ఒకదానిని రక్తకాన్సరు గల పిల్లలకు ఇచ్చి 1948లో మంచి ఫలితాలను ప్రకటించారు. ఆ కుటుంబానికి చెందినదే మెథోట్రెక్సేట్. కణం జన్యుపదార్థాన్ని నకలు తీయుటకు కావలసిన ముడిసరుకును అది దొరకనీయదు. తూము తెరిచియున్నా మడికి నీరు చేరనీయదన్నమాట.

తరువాత వచ్చినవి తూమునే మూసే మందులు. బాహ్యచర్మ వృద్ధికారక గ్రాహకానికి వెలుపలినుండి అడ్డుపడే సెటుక్సిమాబ్‌కు 2006లో అమెరికాలో తల, మెడ కాన్సరులకు అనుమతి లభించినది. ఎర్లోటినిబ్ అనే మాత్ర అదే గ్రాహకపు లోపలి భాగాన్ని పనిచేయనీయదు. ఈ మందులు వాడినవారిలో చాలామందికి ముఖాన, ఛాతీమీద మొటిమల వంటి పొక్కులు లేస్తాయి, చర్మం ఎండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి కూడా ఆ ఆదేశం నిత్యం అవసరమేనని దీనివల్ల స్పష్టమవుతున్నది.

బీ-రాఫ్ మార్పు గల మెలనోమాకు వెమురాఫెనిబ్ అనే మందు 2011లో వచ్చినది. కొందరిలో ఈ మందే, అంతకుముందే రాస్ చెడియున్న ఇతర చర్మకణాలను ప్రేరేపించి కొత్త పొలుసుకణ కాన్సరులను పుట్టించినది. ఒకచోట మూసిన కాలువ మరొకచోట పొంగినట్లయినది. తరువాత బీ-రాఫ్‌నూ దాని దిగువనున్న మెక్‌నూ కలిపి అడ్డుకొనగా ఈ బాధ తగ్గినది.

ఖరీదైన మందులు పేదలకు అందవు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు తల, మెడ కాన్సరు బాగా ముదిరినవారికి మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో, సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రతో కలిపి నోటిద్వారా ఇచ్చి, సిస్‌ప్లాటిన్ అనే సిరద్వారా ఎక్కించే మందుతో పోల్చి చూశారు. మాత్రలు వాడినవారు కొంత ఎక్కువ కాలం జీవించారని 2020లో ప్రకటించారు. తరువాతి ప్రయోగాలలో ఈ రెండింటికీ ఎర్లోటినిబ్‌ను కూడా చేర్చారు. భీమవరం బిడ్డ చూపిన మార్గాన పుట్టిన మాత్ర, కోహెన్ చిట్టెలుకల నుండి మొదలైన పరిశోధన ఫలించిన మాత్ర ఒకే రోగి చేతిలో కలిసినవి. అయినను ఇవి వ్యాధి ముదిరినవారికి కొన్ని నెలలను కలిపే మందులే. అంగిలి మీది తెల్లపొర దశలో చుట్ట పారవేయుట జీవితాన్నే నిలుపుతుంది.

విద్యార్థుల కర్తవ్యం

అడ్డపొగ పూర్వమంత విరివిగా లేదు. నేటి యువతులలో అది దాదాపు కానరాదు. కాని తెల్లపొర కాన్సరుగా మారుటకు ఏండ్లు పడుతుంది కనుక, నిన్నటి అలవాటు ఫలితాన్ని నేడు అనుభవించేవారు మన ఇండ్లలో ఉన్నారు. వారు మన అమ్మమ్మలు, నాయనమ్మలు, నానీలు, దాదీలు. వారిలో చాలామందికి ఈ వ్యాసం చదివే అవకాశం లేదు. చదివిన మనమే వారికి చెప్పవలెను.

చెప్పే విధానం కూడా ముఖ్యమే. మందలించినట్లు చెబితే పెద్దలు నొచ్చుకొంటారు, చుట్టను దాచుకొంటారు. "ఒక్కసారి నోరు తెరువమ్మా, వెలుతురులో చూస్తాను" అని ప్రేమగా అడిగితే కాదనే పెద్దలు అరుదు. అంగిలి మీద తెల్లని మందపు పొర, ఎర్రని మచ్చ, గడ్డ, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. నొప్పి లేదు గదా అని ఊరుకొనుట చాలా ప్రమాదం. ఈ మచ్చలు తొలిదశలో నొప్పి పెట్టవు. ముందు సమీపంలోని ప్రభుత్వ వైద్యునికి చూపవలెను. వారి సలహా మీద విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రికిగాని, అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడుపుతున్న హోమీ భాభా కాన్సరు ఆసుపత్రికిగాని తీసుకొనిపోవచ్చును. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తే అది ఏ దశలో ఉన్నదో తేలుతుంది.

కళాశాల కార్యవర్గానికి మాదొక విన్నపం. జాతీయ సేవా పథకం శిబిరాలలో రహదారులు బాగుచేయుటతో పాటు, ఒక దంతవైద్యుని సహాయంతో నోటి పరీక్షా శిబిరాన్ని కూడా ఏటా ఒక గ్రామంలో నిర్వహింపవచ్చును. దానికి కావలసినవి ఒక టార్చిలైటు, ఒక చిన్న అద్దం, పేర్లు వ్రాసుకొనే పుస్తకం. తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడగలిగిన విద్యార్థులు మనవద్ద ఉన్నారు. ఏ ఇంటి గడప ముందైనా ఆ ఇంటి భాషలో చెప్పగలిగినవారు మనమే.

కణానికి పెరుగుమని చెప్పే ఆదేశం ప్రాణదాయకమైనది. గాయాన్ని మాన్పేదీ, పసిబిడ్డ చర్మాన్ని పెంచేదీ అదే. దానిని అనవసరంగా, అనుదినం, నిప్పుతో రేపుచుండుటే అనర్థానికి మూలం. ఆ నిప్పు ఇంకా నోటివరకు వెళ్ళుచున్న ఇల్లు మనలో ఎవరిదైనా, ఈ సెలవులలోనే ఆ పెద్దల ప్రక్కన కూర్చుండి మాట్లాడుదురుగాక అని కోరుతున్నాము.